యేసు బోధలు సోమవారం కూడా పాటించవచ్చు, కూలీ డబ్బుల దగ్గర మొదలుపెడితే

ఉద్యోగం, అప్పుల వాయిదాలు, పిల్లల ఫీజుల మధ్య యేసు బోధలను ఆదివారం వినడమే తప్ప మిగతా రోజుల్లో పాటించడం సాధ్యమేనా అని అడిగారు. సాధ్యమే. నేను ఒంగోలులో ఇళ్లకు రంగులు వేయించే చిన్న కాంట్రాక్టరును. ఆ బోధలు నన్ను ఎక్కువగా నిలదీసేది డబ్బు చేతులు మారే చోట, అందుకే అక్కడి నుంచి చెబుతాను.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీల కథ ఉంది. యజమాని తెల్లవారగానే వెళ్లి రోజుకు ఒక దేనారం చొప్పున కూలీలను మాట్లాడుకుంటాడు. పగలంతా మళ్లీ మళ్లీ వెళ్లి ఇంకొందరిని తెస్తాడు. పదకొండో గంటకు, అంటే మన లెక్కలో సాయంత్రం ఐదింటికి, ఇంకా నిలబడి ఉన్నవాళ్లను ఎందుకు ఊరికే ఉన్నారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదంటారు. చివరికి వాళ్లకూ పూర్తి దేనారమే ఇస్తాడు. దేనారమంటే ఆ రోజుల్లో ఒక మనిషి రోజు కూలీ.

సంఘాల్లో దీన్ని దేవుని కృపకు ఉదాహరణగా చెబుతారు, అది నిజమే. కానీ పొద్దున్నే కూలీల అడ్డాకు వెళ్లేవాడికి అందులో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. బలంగా ఉన్న కుర్రాళ్లను మేస్త్రీలు ముందే బండ్ల మీద ఎక్కించుకుపోతారు. ఎండ ఎక్కాక మిగిలేది తల నెరిసినవాళ్లు, చేయి కాస్త వణికేవాళ్లు. క్యారేజీ మూత తీయకుండానే ఇంటికి తిరిగి వెళ్లేది వాళ్లే. వీలైనంతవరకు ప్రతి పనికీ అలాంటివారిని ఒకరినైనా తీసుకువెళతాను. నిచ్చెన ఎక్కించను. లప్పం ఆరిన గోడను ఉప్పుకాగితంతో రుద్దడం, కిటికీ అంచులకు టేపు అంటించడం, నేల మీద చుక్కలు పడకుండా పట్టాలు పరచడం లాంటివి నిదానమైన చేతికే బాగా కుదురుతాయి. కూలీ మాత్రం మిగతా సహాయకులకు ఎంతో ఆయనకూ అంతే.

ఒక కుర్రాడు నిలదీశాడు: "ఆయన నాలో సగం పని కూడా చేయడు, ఇద్దరికీ ఒకటే కూలీనా?" కథలో పొద్దున వచ్చినవాళ్లు అడిగింది కూడా ఇదే. "నీతో మాట్లాడుకున్నదాంట్లో రూపాయి తగ్గిందా?" అన్నాను. పని అయ్యేదాకా ముఖం ముడుచుకునే ఉన్నాడు. అతని కోపంలో న్యాయం లేదని నేను అనను. కానీ ఆ పెద్దాయన ఇంట్లో బియ్యం ధర కూడా ఆ కుర్రాడి ఇంట్లో ఉన్నంతే కదా.

కూలీ ఏ రోజుది ఆ రోజు సాయంత్రమే చేతిలో పెడతాను. కూలివాడి కూలీని తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోకూడదని మోషే ధర్మశాస్త్రంలోనే ఉంది. ఇంటి యజమాని బిల్లు ఆలస్యం చేస్తే ఆ భారం నాది. అందుకే అడ్వాన్సు రాగానే కూలీల వాటా పక్కన పెడతాను, దాంతో రంగు డబ్బాలు కొనను.

పనికి వచ్చేవాళ్లలో అన్ని మతాలవారూ ఉంటారు. ప్రార్థనకు రమ్మని ఎవరినీ అడగను. ఈ విషయంలో మా ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ అంటే నాకు చాలా గౌరవం. 1876-78 కరువులో ఆకలితో ఉన్నవాళ్లకు పని దొరకాలని ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకున్నారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జూలైలో గుండ్లకమ్మ నది ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం ఆ తర్వాతి మాట. అందరూ ఆ సంఖ్యనే చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకు ముందు ఆయన ఆగిన కాలమే గొప్పగా కనిపిస్తుంది.

అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు మాట్లాడమన్న బోధ వ్యాపారంలో ఖరీదైనదే. "సంక్రాంతికి ముందే అయిపోతుందా?" అని అడిగితే, కాదని తెలిసినప్పుడు కాదనే చెబుతాను. కొన్ని పనులు అక్కడే చేజారుతాయి.

అన్నిటికంటే కష్టమైనది మత్తయి 5వ అధ్యాయంలో ఉంది. బలిపీఠం దగ్గర కానుక అర్పిస్తుండగా నీ సహోదరుడికి నీ మీద విరోధమేదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే విడిచి వెళ్లి ముందు అతనితో సమాధానపడమంటాడు యేసు. తప్పు ఎవరిదని అడగడు. పైగా ఆ మాట చెప్పింది గలిలయలో, బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మధ్య దూరం మూడు నాలుగు రోజుల నడక. ఇంటికి వెళ్లి సమాధానపడి మళ్లీ రావాలంటే ఎంత పనో విన్నవాళ్లకు తెలుసు.

మా అన్నయ్యకు ప్రహరీ గోడ విషయంలో నా మీద కోపం. గోడ కొలత ప్రకారమే ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను. అయినా ప్రభు సంస్కారం, అంటే యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారం, ఉన్న ఒక ఆదివారం ఆరాధనకు వెళ్లకుండా ఊరికి వెళ్లాను. వదిన మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. అన్నయ్య చాలాసేపు టీవీ వైపే చూశాడు. "నీ బాధ వినడానికే వచ్చాను, గోడ గురించి వాదించను" అన్నాను. అప్పుడు మాట్లాడాడు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు అంతా తానొక్కడే చూసుకున్నానన్న బాధ ముందు బయటికి వచ్చింది. గోడ మాట ఆఖరుకు గానీ రాలేదు. తగాదా ఇంకా తేలలేదు, కానీ ఇప్పుడు ఫోను చేస్తే ఎత్తుతున్నాడు.

క్షమించడమంటే రావలసిన డబ్బు అడగకపోవడం అనుకునేవాళ్లున్నారు. నేను అలా అనుకోను. తప్పు చేసినవాడితో ముందు ఒంటరిగా మాట్లాడమని మత్తయి 18లో ఉంది. బిల్లు ఎగ్గొట్టినవారిని అలాగే అడుగుతాను, బజారులో వారి పరువు తీయను.

మీది ఆఫీసు ఉద్యోగం అన్నారు. మీ మీద ఆధారపడినవాళ్లు మీకూ ఉంటారు. ఇంట్లో పనిచేసే ఆమెకు జీతం ఒకటో తారీఖునే ఇవ్వండి, జ్వరం వచ్చి రాని రోజులకు కోత పెట్టకండి. మీ కింద పనిచేసే అబ్బాయి చేసిన పనిని పై అధికారి ముందు అతని పేరుతోనే చెప్పండి. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.