టీకా వేయించిన వారంలోపే గొంతువాపుతో గేదె పోతే తప్పెవరిది?

సంత నుంచి తెచ్చిన రోజే గొంతువాపు టీకా వేయించినా వారం తిరగకుండా మీ పడ్డ (ఇంకా ఈనని చిన్న గేదె) చనిపోయిందని, ఇక టీకాలకు పెట్టే డబ్బు దండగేనా అని మీరు అడిగారు. హైదరాబాద్ అత్తాపూర్‌లో మాకు పద్నాలుగు గేదెలున్నాయి. మీకు జరిగినదే ఒకసారి నాకూ జరిగింది.

ఒక ఏడాది జులైలో నార్సింగి సంతలో రెండు ముర్రా గేదెలు కొన్నాను. దూరం నుంచి లారీలో వానకు తడుస్తూ వచ్చినవి. గుంజకు కట్టగానే టీకా వేయించి, నా పని అయిపోయిందనుకున్నాను. ఐదో రోజు ఉదయం ఒకటి మేత ముట్టలేదు. గొంతు కింద వాపు, చెయ్యి వేస్తే కాలిపోతోంది. చొంగ, గురక. డాక్టరు వచ్చి సూది వేసినా సాయంత్రానికి పోయింది. మర్నాడు టీకా అమ్మిన దుకాణానికి వెళ్లి గొడవపడ్డాను కూడా. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎందుకంటే తప్పు టీకాది కాదు. ఈ జబ్బు తెచ్చే పాశ్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా ఆరోగ్యంగా కనిపించే కొన్ని పశువుల గొంతులోనే ఏ హానీ చేయకుండా దాగి ఉంటుంది. ప్రయాణపు బడలిక, తడి, అరకొర మేత తోడైతే విజృంభిస్తుంది. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారుకావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మా గేదెకు అంత వ్యవధి లేదు. పైగా ఆవుల కన్నా గేదెలకే ఈ జబ్బు ఎక్కువ ప్రాణాంతకం.

అందుకే ఇప్పుడు మే నెలలోనే, తొలకరికి ముందే అన్నిటికీ వేయిస్తాను. కొత్తగా కొన్నదాన్ని మూడు వారాలు వేరే కొట్టంలో కడతాను. చోటు లేదని మా ఇంట్లో సణుగుడు తప్పదు, వినను.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. దేశమంతటా వాడే పశువుల టీకాలు తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఉన్నది మన గచ్చిబౌలిలోనే. అలాంటి ఊళ్లో ఉండి, ఒకసారి టీకా సీసాను ఫ్రిజ్‌లో పై అరలో, మంచు గడ్డకట్టే చోట పెట్టాను. గడ్డకట్టిన టీకా నీళ్లతో సమానం. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంచాలి. నూనె కలిపిన టీకా రక్షణ ఏడాది దాకా ఉంటుంది, పటికతో చేసినది నాలుగైదు నెలలకే తగ్గిపోతుంది. మీకు వేసినది ఏ రకమో సీసా మీద చూడండి. నూనె టీకా వేసిన చోట గడ్డలా ఉబ్బితే కంగారు పడకండి.

దూడలకు తొందరపడి వేయించకండి. ముర్రుపాలతో తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. మేము ఆరు నెలలు నిండాకే గొంతువాపు, జబ్బవాపు (తొడ, జబ్బ కండలు వాచే మరో జబ్బు) టీకాలు వేయిస్తాం. ఈసుకుపోయే (చూడి పోయే) బ్రూసెల్లా జబ్బు టీకా సంగతి వేరు. అది ఆడదూడలకే, నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఒక్కసారే. అందులో బతికున్న సూక్ష్మజీవి ఉంటుంది, సూది గుచ్చుకుంటే మనకూ ప్రమాదమే, కాబట్టి డాక్టరుతోనే వేయించండి.

మీ మిగతా గేదెలకు రోజుకు రెండుసార్లు జ్వరం చూడండి. 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే వాపు వచ్చేదాకా ఆగకుండా వెంటనే డాక్టరును పిలవండి. వాపు కనిపించాక వేసిన మందు మా గేదెను కాపాడలేకపోయింది.