అరిసె మీద నువ్వులు

చిరంజీవి చిట్టికి,

మామయ్య ఆశీస్సులు. యూవియైటిస్ (కంటి లోపలి వాపు జబ్బు) రోగుల రెటీనాను, అంటే కంటి వెనక బొమ్మ పడే పొరను, అడాప్టివ్ ఆప్టిక్స్ కెమెరాతో చూసే ప్రాజెక్టులో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ కెమెరా నా చేతికి రాలేదు. నేను ఫిల్ము మీద కంటి ఫోటోలు తీయడంతో మొదలుపెట్టి, రెటీనా పొరల్ని నిలువుగా కోసినట్టు చూపించే ఓసీటీ స్కాన్ దగ్గర రిటైరైనవాణ్ని. కానీ మిషన్ ముందు గడ్డం ఆనించి కూర్చునే మనిషి మారలేదుగా, ఆ ధైర్యంతో రాస్తున్నా.

టెలిస్కోపుల్లో గాలి వల్ల వచ్చే మసకను సరిచేసే వంగే అద్దం కిటుకునే 1997లో కంటికి వాడి, రెటీనాలో రంగులు పట్టే కోన్ కణాలను విడివిడిగా చూపించారు. మన ఓసీటీ లోతులో 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తేడా పట్టుకుంటుంది గానీ అడ్డంగా అంత చురుకు కాదు. నీ కెమెరా అడ్డంగా 2, 3 మైక్రాన్లకు దిగుతుంది. అందుకే కోన్లు అరిసె మీద నువ్వుల్లా కనబడతాయి.

తంటా అక్కడే. నువ్వులు లేని నల్లమచ్చ కనబడగానే కోన్లు చచ్చిపోయాయని రాసెయ్యాలనిపిస్తుంది. రాయకు. కోన్ చివరి భాగం సరిగ్గా నిలబడి ఉంటేనే వెలుగు వెనక్కి వస్తుంది. వాపు వల్ల నీరు చేరినా, ఆ చివర దెబ్బతిన్నా, కణం బతికుండగానే నల్లబడుతుంది. మందు పడ్డాక కొన్ని నెలలకు కొన్ని మళ్లీ వెలుగుతాయి. కాబట్టి నోట్సులో 'లేదు' అని కాదు, 'కనబడలేదు' అని రాయి. అదే చోటును అదే రోజు ఓసీటీలోనూ చూడు. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అక్కడే తీయి.

కంటి పొడవు కొలవకుండా కోన్లు లెక్కపెట్టకు. 24 మిల్లీమీటర్ల కంట్లో చూపు కోణం ఒక డిగ్రీ అంటే రెటీనా మీద సుమారు 0.29 మిల్లీమీటరు. మైనస్ అద్దాలవాళ్ల కన్ను సాధారణంగా ఇంకా పొడుగు, లెక్క తప్పుతుంది.

టైము సంగతి నేను దెబ్బ తిని నేర్చుకున్నా. అప్పుడు పనిచేసే చోట, జబ్బు సద్దుమణిగిన వీకేహెచ్ (ఒక రకం యూవియైటిస్) పేషెంటుకి మొదటి స్కాన్ పొద్దున తీశా, రెండోది సాయంత్రం. మందు పనిచేసి కోరాయిడ్ (రెటీనా వెనకుండే రక్తనాళాల పొర) మందం 30 మైక్రాన్లు తగ్గిందని సంబరంగా డాక్టరుగారి ముందు పెట్టా. ఆయన స్కాన్ మీద టైము చూసి నవ్వారు. కోరాయిడ్ పొద్దున మందంగా ఉండి సాయంత్రానికి పలచబడుతుంది. మందు గొప్ప కాదు, గడియారం గొప్ప! కెఫీన్‌కి కూడా కాసేపు పలచబడుతుంది. మన ఊళ్లో కింద ఇరానీ చాయ్ తాగకుండా పైకి వచ్చేవాళ్లెవరు? అడిగి రాసుకో.

ఇంకోటి. ఈ జబ్బులో కంటిపాప లెన్సుకి అతుక్కుపోయి చుక్కలు వేసినా విప్పారదు, లోపల మసక ఉంటుంది, స్టెరాయిడ్‌తో శుక్లం వస్తుంది. బొమ్మ బాగా రాలేదని అలాంటివాళ్లందర్నీ తీసేస్తే నీ దగ్గర మిగిలేది జబ్బు తక్కువున్నవాళ్లే. తీసేసినవాళ్ల సంఖ్య, కారణం దాచకుండా రాయి. ఇక జబ్బు టీబీ వల్లా, మరోదాని వల్లా అన్నది ఒక్క బొమ్మ తేల్చదు, ఆ పని డాక్టర్లకు వదిలెయ్యి.

వాళ్లకు అసలే వెలుతురు పడదు. పాలమూరులో తెల్లవారుజాము బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగి వచ్చిన మనిషిని గంటసేపు కదలకుండా చూడమంటే కన్నీళ్లే. రెండు నిమిషాలు తీసి కళ్లు మూసుకోమను. తిరుగు బస్సు ఎన్నింటికో ముందే అడుగు. చుక్కలు వేశాక బండి నడపనివ్వకు, ముఖ్యంగా మిట్టమధ్యాహ్నం.

ఆదివారం ఇంటికి రా. మీవాళ్లు ఒప్పుకుంటే, పేర్లు తీసేసి ఒకటో రెండో బొమ్మలు తీసుకురా. ఆ నువ్వుల్ని ఒకసారి చూడాలనుంది.

మీ మామయ్య