పెద్ద కత్తి కొనబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

వేట అనుమతి కాగితం చేతికొచ్చిందనీ, చలికాలంలో వారం రోజులు అడవిలో గుడారం వేసుకుని ఉంటావనీ, అందుకో పెద్ద కత్తి చూస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆమె గొంతులో సగం భయం, సగం గొప్ప. నాదీ అదే పరిస్థితి. కాకపోతే ఆమెకు అడవంటే భయం, నాకు కత్తంటే భయం. నువ్వు పంపిన ఫొటో చూశాక ఇక రాయక తప్పలేదు. 30 సెంటీమీటర్ల అలుగు, వెన్ను మీద రంపపు పళ్లు, పిడి చివర మూత తిప్పితే లోపల అగ్గిపుల్లలు దాచుకునే బోలు. అది వద్దు తల్లీ. బొమ్మకు బాగుంటుంది, పనికి కాదు.

కత్తి పొడవు మీదా, నడుముకు కట్టుకుని తిరగడం మీదా ఒక్కోచోట ఒక్కో చట్టం ఉంటుంది. వెళ్లే చోటి సంగతి ముందే కనుక్కో.

ఇప్పుడు అసలు విషయం. కత్తి కొనేవాళ్లంతా అలుగు చూస్తారు. నువ్వు పిడి లోపల ఏముందో చూడు. అలుగు ఇనుమే పిడిలోకి పోతుంది, దాన్ని టాంగ్ అంటారు. కత్తి విరిగితే చాలాసార్లు విరిగేది అక్కడే. నేను చేసిన పాత తప్పూ అదే. అలుగు 6 మిల్లీమీటర్ల మందం, 4 సెంటీమీటర్ల వెడల్పు, చూడగానే దుక్కలా ఉంది, కొనేశాను. పిడిలోకి వెళ్లేసరికి ఆ ఇనుము 8 మిల్లీమీటర్ల పుల్ల. పైగా అలుగు సన్నబడే చోట భుజాలు రెండూ బడిపిల్లల స్కేలు మూలల్లా నిట్టనిలువుగా కోసి ఉన్నాయి. గుడ్డ చింపాలంటే ముందు కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగుతాం కదా, గాటు కొస నుంచే చిరుగు పరుగెత్తుతుంది. ఉక్కులో ఆ మూల కూడా గాటు లాంటిదే. వెడల్పాటి అలుగు మీద పడిన దెబ్బ బలమంతా వచ్చి ఆ మూలలోనే పోగవుతుంది.

కట్టె చీల్చేటప్పుడు ఏం జరుగుతుందో ఊహించుకో. అలుగు కట్టెలో ఇరుక్కుని ఉంటుంది. బయటికొచ్చిన మొన వైపు వెన్ను మీద కర్రతో కొడతావు. ఇవతల చేత్తో పిడిని కిందికి అదిమి పడతావు. కొట్టిన ప్రతిసారీ ఆ భుజం దగ్గర ఇనుము పిసరంత వంగి లేస్తుంది. కట్టెలో ముడి అడ్డొస్తే ఇంకాస్త గట్టిగా కొడతావు. మూలలో వెంట్రుకంత బీట పుడుతుంది. దాని మీద పిడి కప్పి ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. వానకు, చెమటకు నీళ్లు అందులోకే దిగుతాయి.

ఆ విరిగిన ముక్క ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది. విరిగిన ముఖాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే ఒక మూలన నెలవంక ఆకారంలో నల్లటి మచ్చ, మిగతాదంతా మెరుపు. మచ్చ ఉన్నంత మేరా పాత బీట, తుప్పుపట్టిన భాగం. మెరిసేది చివరి దెబ్బకు తెగినది. అంటే కత్తి ఎప్పుడో కొంత విరిగి ఊరుకుంది. ఇంకోటి కూడా ఆ ముఖం మీదే కనిపిస్తుంది. రేణువులు పంచదారలా గరుగ్గా ఉన్నాయి. ఉక్కును గట్టిపరిచేటప్పుడు అతిగా కాలిస్తే రేణువులు అలా పెరిగి పెళుసెక్కుతుంది. సరిగ్గా కాల్చినదైతే విరిగిన చోట మఖమల్‌లా సన్నని బూడిదరంగు ఉంటుంది. చిన్నప్పుడు నా బొటనవేలి కింద గీతను తడిమి "మావయ్యా, ఇదేంటి?" అనేదానివి చూడు, అది దాని గుర్తే.

అందుకే పిడి రెండు చెక్కల మధ్య నుంచి ఇనుము చుట్టూతా కనిపించే కత్తి తీసుకో. దాన్నే ఫుల్ టాంగ్ అంటారు. మేకులు రెండో మూడో ఉండాలి. మేకు చుట్టూ సందు ఉండకూడదు. అలుగు పిడిని కలిసే చోట, పదును మొదలయ్యే చోట, లోపలి మూలలు గుండ్రంగా ఉన్నాయేమో చూడు. వెన్ను మీద రంపపు పళ్లంటే వరసగా పెట్టిన గాట్లే. కట్టె చీలుస్తుంటే అవి కలపలో పట్టేస్తాయి, కొట్టే కర్రను కూడా తినేస్తాయి. ఇక బోలు పిడిలో అలుగు తోక వేలెడంత కూడా లోపలికి పోదు. మరకో, పిన్నో, జిగురో దాన్ని పట్టి ఉంచుతుంది. అలుగూ పిడీ ఒకే కడ్డీ నుంచి తొలిచి చేసినవి కొన్ని ఉన్నాయి, వాటి సంగతి వేరు.

ఇనుము లోపల దాగి ఉంటే చెడ్డదేనా అంటే, కాదు. 1942లో అమెరికా మెరైన్లు తీసుకున్న కా-బార్ అనే కత్తికి 7 అంగుళాల అలుగు, తోలు బిళ్లలు పేర్చిన పిడి. ఇనుము ఆ బిళ్లల గుండా చివరి దిమ్మె దాకా పోతుంది. చివరిదాకా పోవడం, భుజాలు గుండ్రంగా ఉండటం, ఈ రెండూ అమ్మేవాడు చెప్పగలిగితే దాగిన టాంగ్ అయినా తీసుకోవచ్చు. తడబడితే వదిలెయ్.

కొలతలు. అలుగు 18 నుంచి 23 సెంటీమీటర్లు, వెన్ను మందం 5 మిల్లీమీటర్లు, బరువు ఎలా చూసినా అరకిలో దాటకుండా. ఇంకా మందమైతే కత్తి కాదు, గడ్డపార. పిడి ముందు, అలుగు మొదట్లో వేలు ఆనించి కత్తిని నిలబెట్టి చూడు. పిడి నుంచి రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు వెళ్లాక సమతూకం కుదిరితే నరకడానికి బాగుంటుంది. పూర్తిగా పిడిలోనే కుదిరితే కొమ్మ మీద దెబ్బ పడదు, మణికట్టు నొప్పెడుతుంది.

దీంతోనే వేటను కూడా కోస్తానంటే మాత్రం ఒప్పుకోను. పొట్ట తెరిచేటప్పుడు మొన లోపలెక్కడుందో కంటికి కనపడదు, వేలికే తెలియాలి. పిడి పట్టుకుని చూపుడువేలు వెన్ను మీద చాస్తే దాదాపు మొన దాకా అందాలి. 20 సెంటీమీటర్ల అలుగుతో అది కుదరదు. మొన పేగులోకో మూత్రాశయంలోకో దిగితే ఆ మురికి మాంసమంతా అంటుతుంది. అందుకని 9, 10 సెంటీమీటర్లది, 3 మిల్లీమీటర్ల మందంది, మొన వైపు వెన్ను కిందికి వాలినది ఇంకొకటి కొను. డ్రాప్ పాయింట్ అని అడుగు. ఎక్కడ పిసినారితనం చేసినా దీని దగ్గర చెయ్యకు.

ఉక్కు పేర్లతో నిన్ను ఊదరగొడతారు. పెద్దదానికి 5160 గానీ 1095 గానీ చాలు. 5160 బండ్ల కమాను పట్టీలకు వాడే జాతి, కార్బన్ 0.6 శాతం దగ్గర ఉంటుంది, వంగి లేవడం దాని గుణం. 1095లో 0.95 శాతం దగ్గర ఉంటుంది, పదును బాగా నిలుస్తుంది, తుప్పూ త్వరగా పడుతుంది. ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ అనే కొలతలో చెబుతారు, అది 55 నుంచి 58 మధ్య ఉండాలి. 62 ఉందని గొప్ప చెబితే నరికే కత్తికి అది లోపం, పదును గింజలు గింజలుగా రాలుతుంది. గడ్డకట్టే చలిలో ఉక్కు మరింత పెళుసవుతుంది, నువ్వు వెళ్లేదే చలికాలం. చిన్నదానికి నెత్తురూ తడీ తగులుతాయి కాబట్టి 14C28N లాంటి స్టెయిన్‌లెస్ మేలు, గట్టిదనం 58 నుంచి 60 దాకా ఉండొచ్చు.

పదును కోణం పెద్దదానికి ఒక్కో వైపు 22 డిగ్రీల దగ్గర, చిన్నదానికి 18. మొదటిసారి నరికాక పదును మీద వెలుగు పడేలా తిప్పి చూడు. గీతలా మెరిసిందంటే పదును మడత పడింది, సానరాయికి పోతుంది. గాట్లు కనిపిస్తే ఉక్కు పెళుసుదో, కోణం మరీ సన్నమో. గ్రైండర్ చక్రానికి మాత్రం ఇవ్వకు. అంచు నీలం రంగుకు తిరిగిందంటే వేడి 300 డిగ్రీల దగ్గరికి పోయినట్టు. ఆ మేరా ఉక్కు మెత్తబడిపోతుంది, ఎంత నూరినా పదును నిలవదు. ముందు 400 నంబరు గరుకు సానరాయి, తర్వాత 1000 నంబరు నున్నటిది, చేత్తో, నీళ్లతో నూరు.

పిడిని తడి చేత్తో ఒకసారి, చలి గ్లోవ్స్‌తో ఒకసారి పట్టుకుని చూడు. వేళ్ల ముందు అడ్డు ఉండాలి, మొన దేనికో తగిలి ఆగినా చెయ్యి పదును మీదికి జారకూడదు. మైకార్టా పిడి, అంటే గుడ్డ పొరల్ని జిగురుతో గట్టిపరిచి చేసినది, మంచిది, తడిసినా పట్టు వదలదు. కొన్ని ప్లాస్టిక్ పిడులు దోమల మందులోని డీట్ తగిలితే జిగటగా కరుగుతాయి. పిడికి తాడుంటే మణికట్టుకు బిగించుకుని నరకకు. చెయ్యి జారిన కత్తి దూరంగా పోనివ్వు, తాడు కట్టుంటే తిరిగి నీ కాలి మీదికే వస్తుంది.

తోలు ఒర ఎంత అందంగా ఉన్నా ఇంటికొచ్చాక కత్తిని అందులో నిద్రపుచ్చకు, తోలు తేమ పడుతుంది, ఉక్కు తుప్పు పడుతుంది. ఒర నుంచి తీసేటప్పుడు వేళ్లు పదును వైపు కుట్టు మీద చుట్టకు, అలుగు కుట్టును కోసుకుని బయటికి రాగలదు. ఒరకు అడుగున నీళ్లు కారే రంధ్రం ఉండాలి.

ఇంకొక్కటి, దీన్ని కోపంగానే చెప్తున్నాను. చిన్నప్పుడు మెట్ల మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుని పెన్సిలు చెక్కేదానివి. అడవిలో ఆ పని చేశావంటే నేను ఊరుకోను. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంది, అది తెగితే నిమిషాల్లో మనిషి చేజారిపోతాడు. చెక్కాలంటే మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, చేతులు మోకాళ్లు దాటాక, కాళ్ల ముందు చెక్కు. నరికేటప్పుడు నీకూ దెబ్బ పడే చోటుకూ మధ్య దుంగ ఉండేలా నిలబడు, దెబ్బ తప్పితే కత్తి దుంగకో నేలకో తగలాలి. చీకటి పడ్డాక పెద్ద కత్తి ఒరలోంచి తియ్యకు. చలికి నీ వేళ్లు తొందరగా మొద్దుబారతాయి, నాకు తెలుసు, నీకు చిన్నప్పట్నుంచీ అంతే.

డబ్బు కట్టే ముందు నాకు మూడు ఫొటోలు పంపు. పిడిని వెన్ను వైపు నుంచి ఒకటి, అలుగు పిడిని కలిసే చోటు దగ్గరగా ఒకటి, పదును మీద వెలుగు పడేలా ఒకటి. రాత్రయినా పంపు, మేలుకునే ఉంటాను.

నీ మావయ్య