ఇంట్లో చేసే ముత్యాల హ్యాంగింగ్స్‌కు ఏ తీగ కొనాలి?

"20 గేజ్ తీగ ముత్యంలో దూరడం లేదు, 26 గేజ్ కొంటే చెవి కొక్కెం సాగిపోతోంది, అసలు ఏది కొనాలి?" అని అడిగారు. రెండు మందాలూ కావాలండీ. చెవికి పెట్టుకునే కొక్కేనికి ఒక తీగ, ముత్యాన్ని పట్టుకునే పిన్నుకు ఇంకో తీగ. నేనూ మొదటి ఏడాదంతా ఒకే తీగతో అన్నీ చేయాలని చూసి చాలా తీగ పాడుచేశాను.

గేజ్ అంటే తీగ మందం చెప్పే నంబరు. అది పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని మీకు తెలిసే ఉంటుంది. అయితే గేజ్ లెక్కలు రెండున్నాయి. మన మోటార్ వైండింగ్ షాపుల్లో రాగి తీగను ఎస్‌డబ్ల్యూజీ అనే బ్రిటిష్ లెక్కన అమ్ముతారు. అమెరికా వాళ్ల వీడియోల్లో చెప్పేది ఏడబ్ల్యూజీ, అంటే అమెరికన్ లెక్క. 20 గేజ్ అంటే మొదటి దాంట్లో 0.91 మి.మీ., రెండో దాంట్లో 0.81. చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు, పూస బెజ్జం దగ్గర తెలుస్తుంది. అందుకే నేను గేజ్ అడగడం మానేసి మిల్లీమీటర్లలోనే అడుగుతాను.

ముత్యాల బెజ్జాలు గాజు పూసల వాటికన్నా సన్నం. పైగా ఒకే దండలో అన్నీ ఒకేలా ఉండవు. హైదరాబాద్‌లో పత్తర్‌గట్టీకి ముత్యాల కోసం వెళ్లేటప్పుడు నా పర్సులో 0.4, 0.5, 0.6 మి.మీ. తీగ ముక్కలు ఉంటాయి. దండలో అక్కడో ముత్యం, ఇక్కడో ముత్యం గుచ్చి చూసి అప్పుడే కొంటాను. నాకు ఎక్కువగా సరిపోయేది 0.5. బెజ్జం బిగుతుగా ఉంటే 0.4. ఇంత సన్న తీగకు పైన ఉత్త రింగు తిప్పి వదిలేస్తే అది తెరుచుకుని ముత్యం జారిపోతుంది. రింగు తిప్పాక మిగిలిన కొసను మెడ దగ్గర రెండు మూడు చుట్లు చుట్టి కత్తిరించండి.

కొక్కేనికి నేను వాడేది 0.8 మి.మీ. ఇక్కడ మందం కన్నా లోహం ముఖ్యం. మా అక్క కూతురికి మొదటిసారి చేసిన జత జర్మన్ సిల్వర్ తీగతో చేశాను. రెండో రోజుకే చెవి తమ్మెలు ఎర్రబడి, దురద పెట్టి, నీరు కారాయి. పిల్ల ఏడుస్తుంటే నాకు చాలా బాధేసింది. జర్మన్ సిల్వర్‌లో వెండి అసలు ఉండదు, రాగి, నికెల్, జింకు ఉంటాయి. ఆ పిల్లకు నికెల్ పడదని డాక్టరు చెప్పాకే మాకు తెలిసింది. అప్పటినుంచి చెవిలోకి వెళ్లే భాగం వరకు 92.5 వెండి తీగే వాడుతున్నాను. వేలాడే భాగం ఇత్తడైనా రాగైనా ఫరవాలేదు. బంగారు రంగు పూత తీగను మాత్రం కొక్కేనికి వాడకండి. చెమటకు పూత పోతే లోపలి లోహమే చెవికి తగులుతుంది.

ఇక సాగిపోవడం గురించి. సన్నదనంతో పాటు తీగ మెత్తగా ఉన్నా కొక్కెం ఆకారం నిలవదు. మా వీధిలో కంసాలి గారు కమ్మచ్చులో, అంటే వరసగా సన్నబడే బెజ్జాలున్న పలకలో, వెండి తీగ లాగుతుంటే చూశాను. ఒక్కో బెజ్జంలోంచి లాగేకొద్దీ తీగ సన్నబడుతూ గట్టిపడుతుంది. మరీ బిరుసెక్కితే కాచి మెత్తబరుస్తారు. తీగ అడిగితే ఆయన మొదట అడిగేది "మెత్తగానా, గట్టిగానా?" అనే. చుట్లు చుట్టే పనికి మెత్తనిది, కొక్కేలకు సగం గట్టిది తీసుకోండి. మెత్తనిదే దొరికితే కొక్కెం వంచాక ఇనుప దిమ్మె మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లగా తట్టండి, బాగా బిగుస్తుంది.

దండలకు ఈ తీగలేవీ పనికిరావు, వంగిన చోటే మళ్లీ మళ్లీ వంగి తెగుతాయి. వాటికి గేర్ వైర్ తీసుకోండి. సన్నని స్టీలు పోగులను పేని పైన నైలాన్ పూత వేస్తారు. 7 పోగులది కాస్త బిరుసు, 49 పోగులది దారంలా మెత్తగా వాలుతుంది. కొసలను గేర్ లాక్‌తో, అంటే నొక్కితే బిగిసే చిన్న లోహపు పూసతో, నొక్కాలి, ముడి నిలవదు.

వెండి మీద చేయి పెట్టే ముందు వైండింగ్ షాపులో కాస్త రాగి తీగ తెచ్చుకుని రింగులు తిప్పడం నేర్చుకోండి. దానిమీద ఇన్సులేషన్ పూత ఉంటుంది కాబట్టి ఆ నగలు చెవికి పెట్టుకోవద్దు.

ఒక కొక్కేనికి సుమారు 5 సెం.మీ. తీగ పడుతుంది, అంటే అడుగు తీగలో మూడు జతలు వస్తాయి. కత్తిరించిన కొస పదునుగా ఉంటుంది. సన్న ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, మీ బుగ్గకు ఆనించి గీరుకోవడం లేదని చూశాకే చెవికి పెట్టుకోండి.