హై లైన్: మెట్లు ఎక్కకుండా ఎలా?

అమ్మగారికి మోకాళ్ల నొప్పి, న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద ఉన్న నడక పార్కు హై లైన్‌ను ఏ చివర మొదలుపెడితే మెట్లు తప్పుతాయని అడిగారు కదా. నన్నడిగితే ఉత్తరం నుంచే. 34వ వీధి ప్రవేశం దగ్గర మెట్లు లేవు, దారి నేల మీది నుంచే మెల్లగా వాలుగా పైకి వెళ్తుంది. 7వ నంబరు రైలులో హడ్సన్ యార్డ్స్ స్టేషన్‌లో దిగితే దగ్గర. అందరూ దక్షిణాన మొదలుపెట్టమంటారు కానీ మీ అవసరం వేరు.

మొత్తం దూరం 2.3 కిలోమీటర్లు. అంతా నడవాలని పట్టుబట్టకండి. 30, 23, 14 వీధుల దగ్గర లిఫ్టులున్నాయి, అలసిపోతే దిగిపోవచ్చు. అయితే లిఫ్టు పనిచేస్తోందో లేదో ఆ ఉదయమే పార్కు వెబ్‌సైటులో చూసుకోండి, ఇది మాత్రం మరవకండి. 16వ వీధి దగ్గర మరుగుదొడ్లున్నాయి. 17వ వీధి దగ్గర గాజు పలకల వెనక కూర్చుని కింద పదో అవెన్యూ మీద వాహనాలు చూడవచ్చు. వింత సరదా, అమ్మగారికి నచ్చుతుంది! కాకపోతే అక్కడ కిందికి వెళ్లేకొద్దీ మెట్ల వరసలే, పైవరసలోనే కూర్చోబెట్టండి.

టికెట్టు లేదు. 1980 వరకు సరుకు రైళ్లు నడిచిన వంతెన ఇది, పాత పట్టాలు మొక్కల మధ్య ఇప్పటికీ కనిపిస్తాయి. నీడ తక్కువ, వేసవైతే పొద్దున్నే వెళ్లండి.