పాఠం త్రాసుతో మొదలుపెట్టు

చిరంజీవి అమ్మడుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఉత్తరం అందింది. తొమ్మిదో తరగతికి నాజీజం పాఠం చెప్పబోతున్నావనీ, ముళ్ళకంచెకు చెరోవైపు కూర్చుని రోజూ కబుర్లు చెప్పుకునే ఇద్దరు పిల్లల కథతో ఆరంభించాలని ఉందనీ రాశావు. నా మాట విని ఆ కథను పక్కన పెట్టు. అది కంటతడి పెట్టిస్తుంది, కాదనను. కానీ నాజీల మరణశిబిరం ఔష్‌విట్స్‌కు తెచ్చిన యూదు పిల్లల్లో చాలామందిని రైలు దిగిన రోజే విషవాయువు గదులకు పంపేశారు. అక్కడి కంచెల్లో కరెంటు పారేది, కాపలా బురుజులు ఉండేవి. కంచె పక్కన కూర్చుని ఆడుకునే చోటు కాదది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాంటి కథే చెప్పాను. వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, "వాళ్ళకు రోజూ సెలవేనా టీచర్?" అని అడిగాడు. నోట మాట రాలేదు. వాడి తప్పేముంది, నేను చెప్పింది అలా ఉంది.

కల్పన అక్కర్లేదు, నిజంగా జరిగినదే ఉంది. నాజీలకు దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ పేరు మీ పిల్లల్లో కొందరైనా విని ఉంటారు. నువ్వు ఆమె స్నేహితురాలు హన్నా గోస్లర్‌తో మొదలుపెట్టు. అదీ శిబిరంతో కాదు, వంటింటి త్రాసుతో. 1942 జూలైలో ఒకరోజు, జామ్ చేయాలి, ఫ్రాంక్ వాళ్ళింటికి వెళ్ళి త్రాసు పట్టుకురా అని హన్నాను వాళ్ళమ్మ పంపింది. అలాంటి పనిమీద పక్క వీధికి వెళ్ళని పిల్లలు మీ తరగతిలోనూ ఉండరు. తలుపు తీసింది ఆ ఇంట్లో అద్దెకుంటున్న పెద్దమనిషి. వాళ్ళు స్విట్జర్లాండ్ వెళ్ళిపోయారని చెప్పాడు. నిజానికి ఆన్ కుటుంబం అదే ఊళ్ళో, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో, వాళ్ళ నాన్న కార్యాలయం వెనక గదుల్లో దాక్కుని ఉంది. హన్నాకు ఆ సంగతి తెలియదు. స్నేహితురాలు ఎక్కడో చల్లగా ఉందనే అనుకుంది.

ఇక్కడ కాసేపు ఆగి వెనక్కి వెళ్ళు. ఇద్దరూ జర్మనీలో పుట్టినవాళ్ళే. హిట్లర్ గద్దెనెక్కాక రెండు కుటుంబాలూ ఆమ్‌స్టర్‌డామ్ చేరాయి. డచ్ భాష రాని హన్నాకు, బడిలో తనలాగే జర్మన్ మాట్లాడే ఆన్ కనబడడమే పెద్ద ఊరట. కొత్త ఊళ్ళో మన భాష వినబడితే ఎలా ఉంటుందో పిల్లలను అడుగు, వాళ్ళే చెబుతారు. 1940లో జర్మనీ ఆ దేశాన్నీ ఆక్రమించింది. ఆ తర్వాత యూదులపై పెట్టిన ఆంక్షలు ఒక్కొక్కటిగా చెప్పు. 1941లో యూదు పిల్లలను మిగతా పిల్లల నుంచి విడదీసి వేరే బడులకు పంపారు. 1942 మేలో, యూదులని తెలిసేలా బట్టల మీద కుట్టుకోవలసిన పసుపు నక్షత్రం వచ్చింది. తరువాత సైకిళ్ళు లాక్కున్నారు, ట్రాములు ఎక్కవద్దన్నారు. చట్టాలన్నీ ఏకరువు పెట్టకు. సైకిలు సంగతి చెప్పావంటే చాలు, తరగతి నిశ్శబ్దమైపోతుంది.

ఇంకో చిన్న విషయం ఇక్కడే చెప్పు. అజ్ఞాతంలోకి వెళ్ళేముందు ఆన్ తన గోలీల డబ్బాను పక్కింటి అమ్మాయికి దాచమని ఇచ్చింది. ఆ అమ్మాయి యూదు కాదు. యుద్ధం అయ్యాక ఆ డబ్బాను ఆన్ తండ్రికి తిరిగి ఇవ్వబోతే, నీ దగ్గరే ఉంచుకోమన్నాడు. డెబ్బై ఏళ్ళు దాచి, చివరికి ఆన్ ఫ్రాంక్ మ్యూజియానికి అప్పగించింది. ఇంతే చెప్పు, వ్యాఖ్యానం వద్దు. గోలీలు ఆడే వయసు వాళ్ళకు అది ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది.

ఇక కంచె. దీనికి కనీసం సగం పీరియడ్ ఉంచుకో. హన్నా తల్లి 1942లోనే ప్రసవంలో కన్నుమూసింది. తండ్రి, చిట్టి చెల్లెలు గాబీతో పాటు హన్నాను 1943 జూన్‌లో పట్టుకుని, 1944 ఫిబ్రవరిలో జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. అక్కడ వాళ్ళను "నక్షత్ర శిబిరం" అనే భాగంలో పెట్టారు. శత్రుదేశాల చేతిలో ఉన్న జర్మన్లకు బదులుగా ఇచ్చుకోవచ్చని దాచిన ఖైదీలు వాళ్ళు. పరాగ్వే పాస్‌పోర్టు కాగితాలు ఉండబట్టి హన్నా కుటుంబం ఆ లెక్కలోకి వచ్చింది. సొంత బట్టలు ఉండనిచ్చారు, అప్పుడప్పుడు రెడ్ క్రాస్ పొట్లం అందేది. దాక్కున్నచోట పట్టుబడి ఔష్‌విట్స్‌కు చేరిన ఆన్‌ను, అక్క మార్గోట్‌ను 1944 చివర్లో అక్కణ్ణుంచి అదే బెర్గెన్-బెల్సెన్‌లో ఇంకో భాగానికి తెచ్చి పడేశారు. వాళ్ళకు అవేవీ లేవు. ఈ తేడా తప్పకుండా వివరించు. ఇద్దరూ యూదు పిల్లలే, ఒకే చోట బందీలే. మధ్యలో గీత గీసింది కొన్ని కాగితాలు. ఉపాధ్యాయులు చాలామంది ఈ ముక్క దాటేస్తారు, అసలు అర్థం చేసుకోవలసింది ఇదే అయినా.

1945 ఫిబ్రవరిలో, అవతల ఆన్ ఉందని హన్నాకు తెలిసింది. కాపలావాళ్ళ కంటపడితే ప్రాణాలు పోతాయి. చీకటి పడ్డాక కంచె దగ్గరికి వెళ్ళి మెల్లగా పిలిచింది. బదులు పలికింది ఆన్ వాళ్ళతో కలిసి దాక్కున్న ఆగుస్టే వాన్ పెల్స్. ఆమె వెళ్ళి ఆన్‌ను తీసుకొచ్చింది. మనుషులు కనబడకుండా ముళ్ళతీగల మధ్య గడ్డి కూరి ఉంది కాబట్టి ముఖాలు చూసుకోలేదు, గొంతులే విన్నారు. స్విట్జర్లాండ్‌లో ఉందనుకున్న పిల్ల గడ్డి అవతల ఏడుస్తోంది. అమ్మా నాన్నా ఇద్దరూ పోయారనీ, తనకు ఎవరూ లేరనీ చెప్పింది. తండ్రి బతికే ఉన్నాడని ఆమెకు తెలియదు. తెలిసి ఉంటే ఇంకొన్నాళ్ళు నిలదొక్కుకునేదేమో అని హన్నా జీవితాంతం అనుకుంటూనే ఉంది.

హన్నా తన దగ్గరున్నదీ, గుడిసెలో ఆడవాళ్ళు తలా కాస్త తీసి ఇచ్చినదీ మూటగట్టి ఇంకోరాత్రి కంచె మీదుగా విసిరింది. అవతల ఆన్ కేక వినబడింది. మూట ఇంకొకామె పట్టుకుని పరుగెత్తింది. ఆమెను దొంగ అననివ్వకు. పిల్లలు అంటారు, నా తరగతిలో అన్నారు. ఆమె ఎన్నాళ్ళుగా తినలేదో వాళ్ళనే ఆలోచించమను. ఇంకోసారి విసిరిన మూట ఆన్‌కు అందింది.

అందింది కాబట్టి బతికిందని మాత్రం ఎవరూ అనుకోకుండా చూడు. కొద్ది వారాల్లో ఆన్, మార్గోట్ ఇద్దరూ చనిపోయారు. హన్నా తండ్రీ అదే ఫిబ్రవరిలో పోయాడు. బ్రిటిష్ సైన్యం ఏప్రిల్ 15న శిబిరం చేరింది. హన్నా, గాబీ అంతకుముందే రైలెక్కించినవాళ్ళలో ఉండి, దారిలో సోవియట్ సైన్యం చేతిలో విడుదలయ్యారు. హన్నా నర్సు అయింది. జెరూసలేంలో స్థిరపడి, 93 ఏళ్ళ వయసులో 2022లో కన్నుమూసింది. నాజీల ఆ మారణకాండలో చంపిన యూదు పిల్లలు దాదాపు 15 లక్షల మంది. ఈ అంకె పాఠం చివర్లో ఒక్కసారి, నెమ్మదిగా చెప్పు. ముందే చెబితే ఆన్ కూడా అంకెలో కలిసిపోతుంది.

"మరి ఆ మూట వల్ల ఏం లాభం టీచర్?" అని ఒకరు తప్పక అడుగుతారు. జవాబు నీ దగ్గర లేకపోతే లేదనే చెప్పు. నేనూ అదే చెప్పాను.

ఒకటి మాత్రం చేయవద్దు. సగం తరగతికి కాగితపు నక్షత్రాలు అతికించి అనుభవంలోకి తెద్దామన్న ఆలోచన వస్తుంది. నేను చేశాను. నక్షత్రాలు పీకేసి చెత్తబుట్టలో వేసిన తరువాత కూడా వారం రోజులు ఒక పిల్లను పక్కన కూర్చోనివ్వలేదు. వాళ్ళమ్మ వచ్చి అడిగితే తల దించుకున్నాను.

వస్తువేదైనా చూపించాలనిపిస్తే మా అటక మీద మీ అమ్మమ్మ నాటి ఇత్తడి త్రాసు ఉంది. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు. ఒక పళ్ళెం కాస్త వంగింది, ఫరవాలేదు. పని అయ్యాక మాత్రం తిరిగి తెచ్చిపెట్టు.

మీ పెద్దమ్మ