మీ నాన్న చుక్కల సీసా

కోడలు పిల్లా,

అమ్మానాన్నల్ని బెంగళూరులో నీ దగ్గరే పెట్టుకుంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. కడుపు నిండింది. వెంటనే గుబులూ పుట్టింది. నీటికాసులంటే గ్లాకోమా, కంట్లో ప్రెషర్ చూపు నరాన్ని తినేసే జబ్బు. అదున్న మనిషిని చూసుకోవడమంటే వేళకి అన్నం పెట్టడం ఒక్కటే కాదే. పోయిన చూపు ఆపరేషన్ చేసినా రాదు, ఉన్నది నిలుపుకోవడమే.

పాత ఫైళ్లన్నీ తెచ్చుకో. ఫీల్డ్ టెస్టు (చుట్టూ ఎంతమేర కనిపిస్తోందో చూసే పరీక్ష) కాగితాలు ఒక్కటీ పారేయకు. కార్నియా, అదే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, దాని మందం ఎంతో చూడు. పల్చటి కార్నియా మీద మిషన్ ప్రెషర్‌ని తక్కువ చూపిస్తుంది, 15 అని రాశారని సంబరపడిపోకు.

ఇక మీ నాన్న నీకు చెప్పని సంగతి. చుక్కలు నెలల తరబడి మానేసి, డాక్టరు దగ్గరికెళ్లే వారం ముందు మాత్రం బుద్ధిమంతుడిలా వేసుకునేవాడు. రాత్రిపూట వేసుకునే ఆ చుక్క నాలుగైదు రోజులు వేసినా ప్రెషర్ దిగుతుంది. వెళ్లిన రోజు 14. డాక్టరు అదే మందు వాడమనేవాడు. మిగతా నెలల్లో ఎంతుందో చూసినవాడు లేడు. ఫీల్డ్ టెస్టులో మాత్రం ఏడాదికేడాది నల్లమచ్చ పెరిగింది. ప్రెషర్ బాగుండీ నరం పోతోందని ఇంకో చుక్క కలిపారు. ఆ సీసా మూతే తియ్యలేదు మహానుభావుడు! నొప్పి లేదు, పేపరు చదువుతున్నాడు, చుక్క వేస్తే కళ్లెర్రబడుతున్నాయి. "నాకేం కాలేదక్కా" అని నాతోనే వాదన, వీధి మలుపులో పక్కనుంచొచ్చిన గేదెని స్కూటరుతో గుద్దేదాకా.

అందుకే మాట నమ్మకు, సీసాని నమ్ము. 2.5 ఎం.ఎల్. సీసాలో దాదాపు 80 చుక్కలుంటాయి. రెండు కళ్లకీ రోజుకో చుక్కంటే నెలకి 60. తెరిచిన తేదీ మార్కర్‌తో రాయి, నాలుగు వారాలకి పారేసి కొత్తది తియ్యి. రెండు నెలలైనా అదే సీసా నడుస్తోందంటే దొంగ దొరికినట్టే. స్వీడన్‌లో ఏళ్ల తరబడి చేసిన పరిశీలనలో, ప్రెషర్ ఒక్క పాయింటు తగ్గితే జబ్బు ముదిరే ముప్పు పదో వంతు తగ్గింది. ఒక్క చుక్కే కదా అనుకోకు.

వేసేటప్పుడు కింది రెప్ప లాగి ఒక్కటే చుక్క. కన్ను మూయించి, ముక్కు పక్క మూలని రెండు నిమిషాలు నొక్కి పట్టాలి, లేకపోతే మందు గొంతులోకి జారుతుంది. రెండో మందుకి ఐదు నిమిషాలు ఆగు. అది టిమొలాల్ అయితే, ఆస్తమా ఉన్నా గుండె నెమ్మదిగా కొట్టుకుంటున్నా ముందే డాక్టరుకి చెప్పాలి.

కళ్లు దురదంటే మెడికల్ షాపువాడిచ్చే చుక్కలు ముట్టనివ్వకు. స్టెరాయిడ్ ఉంటే చడీచప్పుడు లేకుండా ప్రెషర్ పెంచేస్తుంది. నాన్నకి యోగా క్లాసన్నావట, నడక చాలు. శీర్షాసనంలో కంటి ప్రెషర్ రెట్టింపవుతుంది. బీపీ మాత్ర రాత్రి వేసుకుంటున్నాడేమో కనుక్కో. నిద్రలో బీపీ మరీ పడితే కంటి నరానికి రక్తం చాలదు. నువ్వు మానిపించకు, బీపీ డాక్టరుకి నీటికాసుల సంగతి చెప్పు. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగుతోంటే అదీ చెప్పాలి. నరం అంచున సన్నటి రక్తపు గీత కనిపించిందని ఎప్పుడైనా అంటే తేలిగ్గా తీసుకోకు. వారాల్లో మాయమైపోతుంది గానీ జబ్బు ముదురుతోందని గుర్తు.

వాణ్ణి మరీ కసరకు తల్లీ, పైకి చెప్పడు గానీ భయపడుతున్నాడు. ఇది రక్తంలో వచ్చేది కూడానూ. నాన్నని చూపించిన రోజే నీకూ, మీ అన్నయ్యకీ నరం, ప్రెషర్ చూపించుకోండి. చుక్క వేసి కంటిపాప పెద్దది చేస్తారు, నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది. ఆ రోజు కారు నువ్వు నడపకు.

మీ అత్త